ఎండకాలం సెలవులు: మిషను పక్కన ఇద్దరు పిల్లలు

ఉత్తరం:

‘అక్కా, నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఊరు. నేను ఇంట్లోనే మిషను కుడత. మా ఆయన ఆటో నడుపుతడు. బిడ్డకు ఏడేండ్లు, రెండో తరగతి అయిపోయింది, ఇంగ్లీషు మీడియం. కొడుకుకు నాలుగున్నర, జూన్ల బడిల ఎయ్యాలె. ఇది పెండ్లిళ్ల కాలం, జాకిట్లు కుప్పవడి ఉన్నయి. పని సాగాలని పిల్లలకు ఫోను ఇస్తున్న. పొద్దుగాల పట్టుకుంటే చార్జింగ్ అయిపోయేదాక ఇడుస్తలేరు, గుంజుకుంటే ఇల్లు పీకి పందిరేస్తున్నరు. పక్కింటోళ్లు మూడు వేలు కట్టి పిల్లగాన్ని సమ్మర్ క్యాంపుల ఏసిండ్రు. మా బడోళ్లు నలభై పేజీల వర్క్‌షీట్లు ఇచ్చిండ్రు, మూడో పేజీ కాడనే ఆగింది. ఎండకు బయటికి పంపలేను. జూన్ వరకు బిడ్డ చదివిందంత మరిచిపోతదని బుగులైతుంది. నేను పదో తరగతి, తెలుగు మీడియం. నేనేం నేర్పగలుగుత? అత్తమ్మ ఉన్నది గాని కండ్లు సరిగ కనవడవు. మా అమ్మోళ్లది జడ్చర్ల దిక్కు, మే ఆఖర్ల పది రోజులు పోదామనుకుంటున్న. ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి.’

సమాధానం:

చెల్లె, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. ఫోను సంగతి, వర్క్‌షీట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ‘నేనేం నేర్పగలుగుత’ అన్న మాట దగ్గర కూర్చుందాం. పాలమూరు పల్లె బడుల్లో పాతికేళ్లకు పైగా ఒకటి, రెండు తరగతులకు చెప్పినదాన్ని నేను. ఆ మాట అన్న తల్లులను చాలామందిని చూశాను. వాళ్లలో ఒకామె కూరగాయల గంప ఎత్తుకుని సంతలకు తిరిగేది, సంతకం రాదు, వేలిముద్రే. ఆమె కొడుకు ఒకటో తరగతిలో చేరిన నెలకే పావుకిలో ఎంత, అరకిలో ఎంత, ముప్పావుకు పావు కలిపితే ఎంత అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. నల్లబల్ల మీద రొట్టె బొమ్మ గీసి, నాలుగు ముక్కలు చేసి నేను తంటాలు పడి చెప్పే సంగతి అది. వాడికి అమ్మ పక్కన కూర్చుని తక్కెడ చూడటంలోనే వచ్చేసింది.

నీ పనిని కూడా ఒకసారి ఆ కంటితో చూడు. పొద్దున లేస్తే కొలుస్తావు, కొలిచింది రాస్తావు, గుడ్డను సగానికి మడతపెడతావు, దాన్ని మళ్లీ సగం చేస్తావు, అడ్వాన్సు పోను రావాల్సింది లెక్కగడతావు, ఏ తారీఖుకు ఎవరిది ఇవ్వాలో గుర్తుపెట్టుకుంటావు. రెండో తరగతి దాటి మూడుకు పోయే పిల్లకు లెక్కల్లో కావలసింది దాదాపు ఇదంతా. కాబట్టి కొత్తగా బడి పెట్టే పని లేదు. పిల్లలను పనికి అడ్డం రాకుండా పంపేయడం మాని, ఆ పనిలోనే వాళ్లకు చిన్న భాగం ఇవ్వు.

బిడ్డకు ఒక టేపు పూర్తిగా ఇచ్చేయి. పాతదైనా సరే, అంకెలు కనబడితే చాలు. ఒకవైపు 60 అంగుళాలు, ఇంకోవైపు 150 సెంటీమీటర్లు ఉంటాయి కదా. మొదటి రోజు ఏమీ చెప్పకుండా ఇంట్లో కనబడిందల్లా కొలవమను: గడప, మంచం, తమ్ముడు, నానమ్మ చేతికర్ర. రెండో రోజు అదే గుమ్మం వెడల్పును రెండు వైపులా కొలిపించు. ఒకవైపు 30 వస్తుంది, ఇంకోవైపు 76. ‘ఒక్క గుమ్మమే కదా, రెండు లెక్కలెందుకు వచ్చినయి?’ అని అదే అడుగుతుంది. అడిగేదాకా ఆగు. అడిగాక కూడా జవాబు చెప్పేయకుండా ఒక అంగుళం పక్కన ఎన్ని సెంటీమీటర్లు పడుతున్నాయో టేపులోనే చూడమను. రెండున్నరకు కాస్త ఎక్కువ అని తనే చెప్పిందంటే ఇక మరిచిపోదు. ఆ తర్వాత ఆరు గజాల చీర పరిచి మీటర్లలో కొలవమను. గజానికి 36 అంగుళాలు. ఆరు గజాలంటే ఐదున్నర మీటర్లకు కొంచెం తక్కువ. చీర మడతలు విప్పుతూ సగం, పావు, అరపావు అని పేర్లు పెట్టుకోమను. భిన్నాలంటే భయపడే ఐదో తరగతి పిల్లలను చూసినప్పుడల్లా, వీళ్ల చేతుల్లో ఒక చీర పెట్టి మడవమని ఎవరూ అనలేదే అని నాకు బాధనిపించేది.

కస్టమర్ల పుస్తకం కూడా దాని చేతే రాయించు. కొలతలు నువ్వు చెప్పు, అది రాస్తుంది. కుట్టు కూలి 350, ముందు ఇచ్చింది 100, రావాల్సింది ఎంత? తప్పు రాస్తే నష్టం వస్తుందని దానికి తెలుసు కాబట్టి వర్క్‌షీటులో లేని శ్రద్ధ ఇక్కడ వస్తుంది. నువ్వు ఒకసారి సరిచూసుకో, అంతే. పేర్లు మాత్రం తెలుగులో రాయించు. మన ఆడవాళ్ల పేర్లంత మంచి ఒత్తుల పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. పద్మకు ద కింద మ, లక్ష్మికి క కింద ష, దాని కింద మళ్లీ మ, సత్తెమ్మకు రెండు ఒత్తులు, స్వరూపకు వ ఒత్తు. జాకిట్ తీసుకోవడానికి వచ్చినామె తన పేరు చూసి ‘మంచిగ రాసినవ్ బిడ్డా’ అందనుకో, ఆ రోజంతా దాని ముఖం చూడు.

ఇంగ్లీషు మీడియం పిల్లకు తెలుగు ఎందుకని నీకు అనిపించవచ్చు. ఇంట్లో మాట్లాడే భాషలో గడగడా చదివే పిల్ల, ఇంకో భాషలో చదవడం తొందరగా పట్టుకుంటుంది. చదవడమంటే అక్షరాలు కలిపి పలకడం ఒక్కటే కాదు, చదివింది తలలో బొమ్మ కట్టాలి. ఆ బొమ్మ ముందు తెలిసిన మాటల్లోనే కడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పమంది. నీకు రాని ఇంగ్లీషు నేర్పాలని తంటాలు పడకు. నీకు వచ్చిన తెలుగు నిండుగా ఇవ్వు.

కొడుకు సంగతి వేరు. నాలుగున్నర ఏళ్ల వాడికి ఇప్పుడే పలక ఇచ్చి అ, ఆ దిద్దించాలని ఆత్రపడకు. వాడి వేళ్లు ఇంకా తయారు కావాలి. చపాతీ పిండి పిసకడం, గుడ్డ పీలికలు రంగుల వారీగా ఏరడం, లావు దారంలో పెద్ద గుండీలు గుచ్చడం, నీళ్లలో ముంచిన కుంచెతో బండ మీద గీతలు గీయడం, ఇవే వాడికి రాత. గుడ్ల అట్ట ఒకటి దొరికితే ఇవ్వు. అడ్డానికి ఆరు, నిలువుకు ఐదు, మొత్తం 30 గుంటలు. గుంటకొక గుండీ పెట్టమంటే అరగంట పలకడు. అక్కను పక్కన కూర్చోబెడితే అది ఎక్కం నేర్చుకుంటుంది, వీడు లెక్కపెట్టడం నేర్చుకుంటాడు. ఒక్క జాగ్రత్త: సూదులు, కత్తెర, చిన్న హుక్కులు వాడి చేతికందే ఎత్తులో ఉండకూడదు. గుండీ నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదంటే గుండీలకు బదులు పెద్ద పీలికలే ఇవ్వు. నువ్వు మిషను తొక్కేటప్పుడు వాడు పెడలు దగ్గరికి రాకుండా చాప పరిచి, ఇది నీ జాగా అని చెప్పు.

ఇక మీ ఊరి నిమ్మకాయలు. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ పక్కనే ఉండి నిమ్మకాయ షర్బతుకు మాత్రమే వాడుకోవడం అన్యాయం. తెల్ల నూలుగుడ్డ పీలికను పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టించు. ఆరాక దాని మీద బట్టల సబ్బు రుద్దమను. పసుపు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు. పిల్లలు పదిసార్లు చేస్తారు, చెయ్యనీ. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి కూడా ఇదేనని నానమ్మ చేత చెప్పించు: పసుపులో సున్నం కలిస్తే ఎరుపు. సున్నం మాత్రం పిల్లల చేతికివ్వకు, కళ్లలో పడితే ప్రమాదం. పులుపు ఉన్నవి ఒక జట్టు, సబ్బు, సున్నం లాంటివి ఇంకో జట్టు అని ఏడేళ్ల పిల్లకు అర్థమైతే చాలు, వాటి పేర్లు పెద్ద తరగతుల్లో వాటంతటవే వస్తాయి.

ఇంకొకటి, అగ్గిపుల్లను నిమ్మరసంలో ముంచి తెల్ల కాగితం మీద ఏదైనా రాసి ఆరనివ్వమను. ఆరాక ఏమీ కనబడదు. సాయంత్రం మీ ఆయన ఆటో దిగి వచ్చాక నువ్వు ఆ కాగితం మీద ఇస్త్రీపెట్టె నడిపించు. ‘డాడీ, రేపు ముంజలు తే’ అని గోధుమరంగులో అక్షరాలు తేలుతాయి. ఇస్త్రీ నీ చేతిలోనే ఉండాలి. పది లైన్లు చూసిరాత రాయమంటే ఏడ్చే పిల్ల ఇలాంటి చీటీలు రోజుకు నాలుగు రాస్తుంది.

ముంజలు తెస్తే అదీ ఒక పూట గడుస్తుంది. తాటికాయకు మామూలుగా మూడు కండ్లు. ఐదు కాయలు కొడితే ఎన్ని ముంజలు, మనం ఐదుగురం, తలా ఎన్ని? తిన్నాక ఖాళీ కాయలు రెండు, ఒక పుల్ల, ఒక పంగల కర్ర ఉంటే బండి తయారు. ఆ బండి కట్టడం మీ ఆయనకు తప్పకుండా వచ్చి ఉంటుంది. తండ్రి పక్కన కూర్చుని చేసిన బండిని నీ కొడుకు వారం రోజులు వదలడు.

రోజు ఎలా నడపాలన్నది ఎండే చెబుతుంది. మన నల్లగొండ, పాలమూరు ఎండలు నీకు నేను చెప్పాలా. మేలో 44, 45 డిగ్రీలు మామూలే. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా బయట, సాయంత్రం ఐదున్నర తర్వాత మళ్లీ బయట. పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటొద్దు. పొద్దున వాకిలి ఊడ్చి సానుపు చల్లినప్పుడు ముగ్గు చుక్కలు బిడ్డ చేత పెట్టించు. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు దాకా పెడితే మొత్తం ఎన్నో ముందు అంచనా చెప్పమని, తర్వాత లెక్కపెట్టమను. 37 వస్తాయి. అంచనాకు, లెక్కకు తేడా రోజు రోజుకూ తగ్గడం అదే గమనిస్తుంది. పిట్టలకు నీళ్ల ముంత పెట్టే పని కొడుకుది, రోజూ వాడే గుర్తుపెట్టుకోవాలి.

ఇల్లు రేకులదైతే మధ్యాహ్నం కిటికీకి తడి దుప్పటి కట్టు. అడిగినప్పుడే కాకుండా గంట గంటకూ నీళ్లు తాగించు. సల్ల, జొన్న అంబలి, నిమ్మకాయ నీళ్లలో ఉప్పు, చక్కెర ఏదైనా మంచిదే. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఇంట్లో పెట్టుకో. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లూ ఒకేసారి కలపాలి, సగం పొట్లం సగం గ్లాసు లెక్కలు వద్దు. పిల్ల ఒళ్లు కాలిపోతూ, మత్తుగా ఉండి, మాట తడబడినా, వాంతులైనా వడదెబ్బ అనుకుని నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108కు ఫోన్ చెయ్యి. మత్తులో ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

నీళ్ల గురించి ఇంకో మాట. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంటుంది. నా దగ్గర నాలుగో తరగతి చదివిన పిల్లవాడొకడు ఒక మే నెలలో దోస్తులతో ఊరి చెరువుకు పోయాడు. చెరువు ఎండిపోయిందనే అందరూ అనుకున్నారు. మట్టి తీసిన గుంతలో నీళ్లున్నాయి. జూన్‌లో బడి తెరిచిన రోజు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. పిల్లలంతా నా వైపే చూశారు. మనవైపు బావులు, కాల్వలు, క్వారీ గుంతలు, చెరువు గుంతలు ఎన్నో ఉన్నాయి. పెద్దవాళ్లు లేకుండా నీళ్ల దిక్కు పోవద్దని ఒకసారి కాదు, రోజూ చెప్పు. నీళ్లలో ఎవరైనా పడితే తను దూకకుండా గట్టిగా అరిచి పెద్దవాళ్లను పిలవాలని, చీరో తాడో కర్రో విసరాలని బిడ్డకు నేర్పు. మీ అమ్మోళ్ల ఊరికి పోయినప్పుడు ఈ మాట రెండింతలు గట్టిగా చెప్పాలి. అక్కడ కొత్త దోస్తులు ఉంటారు, కొత్త బావులు ఉంటాయి. పక్కింటివాళ్ల మూడు వేల క్యాంపు చూసి బాధపడకు. డబ్బు ఎప్పుడైనా మిగిలి, తెలిసిన మనిషి దగ్గర ఉండి ఈత నేర్పే చోటు దొరికితే దానికి పెట్టు. నా లెక్కలో ఖర్చుకు తగిన వేసవి చదువు అదొక్కటే.

ఫోను. ఇచ్చినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. ఇద్దరు పిల్లలు, కుప్పపడ్డ జాకిట్లు, చేతిలో ఇంకో మనిషి లేదు, ఏ తల్లైనా ఇస్తుంది. కానీ పొద్దంతా అనేది ఆపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీను వద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని చెప్పింది. నీ కొడుకు ఆ వయసువాడే. అడిగినప్పుడల్లా కొంచెం కొంచెం ఇచ్చే పద్ధతి మాత్రం పనికిరాదు. ఏడిస్తే దొరుకుతుందని వాళ్లకు తెలిస్తే ఏడుపే పని అవుతుంది. రోజూ ఒకే వేళకు ఇవ్వు. నీకు గట్టి పని ఉండే వేళ, కటింగు వేళ అనుకుందాం, అప్పుడు అరగంట. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకో అరగంట. అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు వద్దు. టైము అయిపోయిందని నువ్వు చెప్పడం కంటే గడియారంలో పెద్దముల్లు ఆరు మీదికి రాగానే తెచ్చి ఇవ్వాలని బిడ్డకు అప్పజెప్పు. అది గడియారం చూడటం కూడా నేర్చుకున్నట్టే. మొదటి నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేస్తారు, నిజమే. ఆ నాలుగు రోజులు మీ ఆయన కూడా ఇదే మాట మీద ఉండాలి. సాయంత్రం ఆయన వచ్చి ‘పోనీలే’ అని ఇచ్చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఫోనులో చూసేదాంట్లో ఒక్కటి మాత్రం నేనే చూపించమంటాను. స్టోరీవీవర్ అని పిల్లల కథల వేదిక ఉంది, పైసా కట్టకుండా తెలుగులో బొమ్మల కథలు చదువుకోవచ్చు. స్థాయిల వారీగా ఉంటాయి. బిడ్డకు ఒకటో స్థాయి కథలతో మొదలుపెట్టు, చిన్నవని అనుకోకు. రాత్రి మంచాల మీద అది గట్టిగా చదవాలి, తమ్ముడు, నానమ్మ వినాలి. రోజూ పది నిమిషాలు. తప్పు చదివితే వెంటనే దిద్దకు, వాక్యం పూర్తయ్యేదాకా ఆగు. సగం తప్పులు తనే వెనక్కి వచ్చి దిద్దుకుంటుంది. మీ దగ్గరలో శాఖా గ్రంథాలయం ఉంటే వారానికోసారి తీసుకుపో. చేతిలో పట్టుకుని తిప్పే పుస్తకం ఫోనులో కథ కంటే ఎప్పుడూ మేలే.

వర్క్‌షీట్ల గురించి ఎక్కువ చెప్పను. రోజుకు ఒక పేజీ, పొద్దున చల్లగా ఉన్నప్పుడు, పావుగంట. రానివి వదిలేయమను. జూన్‌లో టీచరుకు ‘ఇవి రాలేదు’ అని చెప్పడం సిగ్గుపడాల్సిన పని కాదు. టీచరుకు కావలసింది కూడా అదే.

అత్తమ్మకు కళ్లు సరిగ్గా కనబడవని రాశావు. ముందు ఆమెను సర్కారు దవాఖానలో చూపించు. శుక్లాలైతే ఆపరేషన్‌కు డబ్బు కట్టే పని లేదు. ఇది నువ్వు అడగలేదు, కానీ నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు. కళ్లు ఎలా ఉన్నా ఆమె నోరు, చెవులు మీ ఇంట్లో పెద్ద ఆస్తి. పిల్లలు నానమ్మ చెప్పేది వినడం లేదంటే కథ నచ్చక కాదు, వాళ్ల చేతులు ఖాళీగా ఉండి. చింతపండు గింజలు తీస్తూనో, వడియాలు పెడుతూనో, తొక్కుకు మామిడి ముక్కలు తుడుస్తూనో చెబితే వింటారు. పొడుపుకథలతో మొదలుపెట్టమను. ‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది’ అంటే కవ్వం. ‘చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు’ అంటే అక్షరాలు. కవ్వం చూడని పిల్లలకు జవాబు ఎలా వస్తుంది? అందుకే కవ్వం తీసి, సల్ల చిలికి చూపించాలి. రోజుకొక పొడుపుకథ బిడ్డ ఒక నోటుబుక్కులో రాసుకుంటే జూన్ నాటికి నలభై అవుతాయి. బడిలో దాని తరగతిలో ఎవరి దగ్గరా ఉండని పుస్తకం అది.

ఆమె దగ్గర పాత సోల, తవ్వ, మానిక ఉన్నాయేమో అడుగు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. వాకిట్లో బకెట్టు నీళ్లు పెట్టి పోసి చూడమంటే ఇద్దరూ తడుస్తారు, చల్లబడతారు, లెక్క కూడా వస్తుంది. తర్వాత ఆ నీళ్లు చెట్టుకు పోయించు.

మధ్యాహ్నాలకు అష్టాచెమ్మ. తీసిన చింతగింజల్లో పెద్దవి నాలుగు ఏరి, ఒక్కో గింజను ఒకవైపు గరుకు బండ మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయమను. రుద్దిన గింజ చుర్రుమని కాలుతుంది, బిడ్డ దాన్ని తమ్ముడి చేతికి అంటించి నవ్వుతుంది, రాపిడికి వేడి పుడుతుందన్నది అప్పుడే చెప్పు. బండ మీద సుద్దతో ఐదు గడులకు ఐదు గడులు గియ్యాలి. నాలుగు గింజలూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. కొడుకు ఇంకా ఎత్తులు వెయ్యలేడు, గింజలు వేసి ఎంత పడిందో చెప్పే పని వాడిది. నానమ్మ గింజలు తడిమి చూసి ఆడగలదు. ఓడిపోతే ఏడవడం, ఆటలోంచి లేచిపోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం కూడా వాళ్లు నేర్చుకోవాల్సినవే.

ఏమీ తోచక ‘బోర్ కొడుతుంది’ అని నీ చుట్టూ తిరిగే గంట కూడా ఒకటి వస్తుంది. వెంటనే ఏదో ఒకటి అందించకు. చెవిన వేసుకోకుండా కుట్టుకో. అరగంటలో మంచం కింద ఒక ఇల్లు కట్టుకుని, పీలికలతో బొమ్మకు చీర చుడుతూ కనబడతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మన ప్రాంతం కర్కట రేఖకు దక్షిణాన ఉంది కాబట్టి ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నల్లగొండ, నకిరేకల్ దగ్గర ఆ రోజు మే 8 ప్రాంతంలో వస్తుంది, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో. మధ్యాహ్నం 12 దాటి పది నిమిషాలకు అటూ ఇటూ నిలబెట్టిన సీసాకు నీడ ఉండదు, దాని అడుగుకిందికే పోతుంది. ఒక వారం ముందు నుంచే మొదలుపెట్టండి. వాకిట్లో ఒక అడుగు పుల్ల నిలువుగా పాతి, పొద్దున ఎనిమిదింటికి, పదింటికి నీడ ఎంతుందో బిడ్డ తన టేపుతో కొలిచి రాయాలి. ఏ వేళకు ఎంత వస్తుందో నువ్వు ముందే చెప్పకు. మధ్యాహ్నం కొలత మాత్రం గడప దగ్గర నిలబడి నువ్వు తోడుండగా రెండు నిమిషాల్లో ముగించాలి, తలకు గుడ్డ కట్టు. ఆ రోజు మబ్బు పడొచ్చు, అందుకని ముందు రోజూ, మరుసటి రోజూ కూడా చూడండి, నీడ ఉన్నా చాలా చిన్నగా ఉంటుంది.

ఆ కొలతలయ్యాక ఒక పొద్దున వాళ్లను పానగల్లు తీసుకుపో. నల్లగొండ పక్కనే. కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక ఒక నీడ పొద్దంతా ఒకేచోట ఉంటుంది. ఇంటి దగ్గర నీడ గంట గంటకూ జరిగిందని తన చేత్తో రాసుకున్న పిల్ల, ఇక్కడ జరగని నీడను చూసి ఊరుకోదు. అది నేరుగా పడే ఎండకు వచ్చే నీడ కాదు. మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగుతో ఏర్పడేది, అందుకే సూర్యుడు కదిలినా అది కదలదు. రాత్రి ఇంట్లో పెన్సిలును టార్చి ముందు ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి పట్టి చూపించు, ఎక్కడిది పదునైన నీడో, ఎక్కడిది పలచని నీడో తెలుస్తుంది. ఖర్చు గురించి ఆలోచించకు. 2023 డిసెంబరు 9 నుంచి మన పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా, నీకూ బిడ్డకూ ఆధార్ కార్డు ఉంటే చాలు. కొడుక్కు ఐదేళ్లు నిండలేదు కాబట్టి వాడికీ లేదు.

జడ్చర్ల ప్రయాణం కూడా ఇలాగే. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోతే దారి పొడుగునా బోర్డులు, కిలోమీటరు రాళ్లు. బిడ్డను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఊరి పేరు, దూరం చదివించు. ఒక్కో రాయికి ఒక్కో అంకె తగ్గుతుంటే తీసివేత దానంతటదే నడుస్తుంది. అమ్మోళ్ల ఊళ్లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం మహబూబ్‌నగర్ వెళ్లి పిల్లలమర్రి చూపించు. ఏడు వందల ఏళ్ల మర్రి అని చెబుతారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఊడలు నేలను తాకి మానులైపోవడం చూస్తే, అసలు మొదటి మాను ఏదమ్మా అని అడుగుతారు, వాళ్లనే వెతకమను. 2018లో చెదలు పట్టినప్పుడు దానికి మనుషులకు సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. చెట్టుకు కూడా దవాఖాన ఉంటుందని తెలిసిన పిల్లలు కొమ్మ విరవడానికి వెనకాడతారు. నేను పిల్లలను తీసుకుపోయిన రోజుల్లో ఒకడు ఊడను పట్టుకుని ‘దీనికి నొప్పి పోయిందా టీచర్’ అని అడిగాడు. అది ఇంకా గుర్తుంది.

జూన్ 12న బడి. ఐదో తేదీ నుంచే పొద్దున లేచే వేళ, పడుకునే వేళ బడి రోజుల్లాగా మార్చుకుంటూ రా. కొడుకు మొదటిసారి పోతున్నాడు కాబట్టి చెప్పులు తనే వేసుకోవడం, దొడ్డికి వస్తే అడగడం, డబ్బా మూత తనే తీసుకోవడం ఈ సెలవుల్లోనే రావాలి. బడిలో చేరిన మొదటి నెల పిల్లలు ఏడ్చేది అక్షరాలు రాక కాదు, చాలావరకు ఇవి రాక.

ఇవన్నీ చెయ్యాలని కూర్చోకు. జాకిట్ల పని ఉంది నీకు. రేపటికి టేపు ఒక్కటి ఇవ్వు, ఫోను వేళ ఒక్కటి పెట్టు. మిగతావి ఒక్కొక్కటే వస్తాయి. మే 8న పుల్ల నీడ ఎన్ని అంగుళాలు వచ్చిందో, పొద్దున ఎంతుందో బిడ్డ చేత కాగితం మీద రాయించి నాకు పంపు. అక్షరం వంకర పోయినా నువ్వు దిద్దకు, అట్లనే పంపు.